అసలు మెషీన్ కాంట్రా కంటే మన టీవీ కాంట్రానే బాగుంది, నాకొక్కడికే ఇలా అనిపిస్తోందా?

ముప్పైలైఫులు
మొన్న సేల్‌లో నింటెండో స్విచ్‌కి కాంట్రా యానివర్సరీ కలెక్షన్ కొన్నా, 2019లో వచ్చిందే. కాంట్రా అంటే అదే, పరిగెత్తుకుంటూ కాల్చుకుంటూ పోయే గేము. అందులో 1987 నాటి అసలు ఆర్కేడ్ కాంట్రా, అంటే బయట బిళ్ళ వేసి ఆడే పెద్ద మెషీన్‌ది ఉంది, మనం ఇంట్లో టీవీకి తగిలించి ఆడిన 8 బిట్ కాంట్రా కూడా ఉంది. చిన్నప్పట్నుంచి నా బుర్రలో ఒకటే, మనం ఆడింది ఏదో చిన్న సైజు నకలు, అసలుది ఎక్కడో పెద్ద మెషీన్‌లో ఉంది, అది చూస్తే మతి పోతుంది అని. ఎన్నేళ్ళ కోరికో ఇది, అన్నం పక్కన పెట్టి కూర్చున్నా.

తీరా చూస్తే స్క్రీన్ నిలువుగా ఉంది. తలుపు సందులోంచి యుద్ధం చూస్తున్నట్టు. బొమ్మలు పెద్దవి, రంగులు ఎక్కువ, అది ఒప్పుకోవాలి. కానీ ఎదురొచ్చేవాడు కనపడి, పడుకోవాలా ఎగరాలా అనుకునేలోపే మీద పడుతున్నాడు. మనదాంట్లో ఆ పక్కకి ఎంత జాగా ఉండేదో నాకు ఇప్పుడు తెలిసింది. బ్రిడ్జి వెనకనుంచి ముక్కముక్కా పేలుకుంటూ వస్తుంటే ముందు ఏముందో చూసుకుంటూ పరిగెత్తేవాళ్ళం కదా, ఆ పరుగులో ఉండే మజా ఇక్కడ నాకు దొరకలేదు. ఇంకోటి, మంచు స్టేజీ, మంటల స్టేజీ, హ్యాంగర్, ఆఖర్న ఏలియన్ గుండెకాయ, మనకి ఇవి నాలుగు వేరువేరు స్టేజీలు. మెషీన్‌లో నాలుగూ కలిపి ఒకే స్టేజీలాగా గబగబా తోసేశారు.

మా బావకి ఫోన్ చేసి చెప్తే వాడు ఇదంతా వదిలేసి "మా క్యాసెట్‌లో మొదటి స్టేజీ చెట్లు ఊగేవి రా, మంచు స్టేజీలో మంచు పడేది" అని పాత పాట మళ్ళీ అందుకున్నాడు. ఏడో తరగతి నుంచి చెప్తున్నాడు ఆ ముక్క, మా వీధిలో ఒక్కడు నమ్మలేదు. వాడి సంగతి వదిలేయండి. నేను అడిగేది ఏంటంటే, ఇది నాకు చిన్నప్పటి మమకారమా, లేక నిజంగానే ఇంటికొచ్చిన గేము మెషీన్‌లో ఉన్నదాన్ని దాటేసిందా? ఇలాంటివి ఇంకా ఏమున్నాయి?

ఎర్రబటన్
మమకారమే. ఎవడు మొదట ఏ కాంట్రా ఆడితే వాడికి అదే అసలు కాంట్రా. అమ్మమ్మ పులిహోర తిని పెరిగినోడికి గుడి పులిహోర కూడా వంకగానే ఉంటుంది.

కడపదోసె
గుడి పులిహోరకు వంక పెట్టినావంటే ఈడ నీకు సపోర్ట్ దొరకదు బా.

సిస్టమ్12
ఎర్రబటన్ గారూ, మమకారం అని కొట్టిపారేయలేం, మనం చిన్నప్పుడు కళ్ళతో చూడని గేముల్లో కూడా ఇదే జరిగింది. సోల్ క్యాలిబర్ అనే కత్తుల ఫైటింగ్ గేము తీసుకోండి. 1998లో నామ్కో దాన్ని ఆర్కేడ్‌లో వదిలింది, అది నడిచిన బోర్డు పేరు సిస్టమ్ 12, నా పేరు అక్కణ్ణుంచే. ఆ బోర్డు విప్పితే లోపల ఉన్నది మొదటి ప్లేస్టేషన్ చుట్టమే, వేగం కాస్త పెంచారు, మెమొరీ కాస్త పెంచారు, అంతే. మరుసటి ఏడు అదే గేముని సెగా డ్రీమ్‌కాస్ట్‌కి తెచ్చేనాటికి ఇంట్లో పెట్టుకునే డబ్బా ఆ మెషీన్ కంటే ఒక తరం ముందుకెళ్ళిపోయింది. నామ్కో వాళ్ళు ఉన్నది ఉన్నట్టు దింపేసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ మనుషుల బొమ్మలన్నీ మళ్ళీ చేశారు, వెనకాల అట్టముక్కల్లా ఉండే దృశ్యాలని నిజమైన 3డి స్టేజీలు చేశారు. రెండూ పక్కపక్కన వీడియో పెట్టుకుని చూడండి, మెషీన్‌ది రఫ్ కాపీలాగా, డ్రీమ్‌కాస్ట్‌ది ఫెయిర్ కాపీలాగా ఉంటుంది.

దాని పైన మిషన్ మోడ్. ఒక మ్యాప్ మీద ఊరూరా తిరుగుతూ పోతుంటే ఒకచోట ఈదురుగాలి నిన్ను రింగు అంచుకి నెట్టేస్తుంటుంది, ఇంకోచోట మామూలు దెబ్బలు పనిచెయ్యవు, గెలిచిన పాయింట్లతో గ్యాలరీలో బొమ్మలు కొనుక్కోవాలి. జపాన్‌లో ఫామిట్సు పత్రిక 40కి 40 ఇచ్చింది దానికి, అప్పటికి అలా పూర్తి మార్కులు వచ్చిన గేము అంతకుముందు ఒక్కటే, 1998 నాటి జెల్డా.

నిలువుతెర
సోల్ క్యాలిబర్ గొప్పదే, కాదనను. కానీ అక్కడ గెలిచింది హార్డ్‌వేర్. ఒక ఏడాది ఆలస్యంగా, ఎక్కువ బలమున్న డబ్బాలో వస్తే బాగుండక ఏం చేస్తుంది. మిగతా చరిత్ర అంతా చూడండి మరి. 1982లో అటారీ 2600 అనే ఇంటి డబ్బాకి ప్యాక్‌మ్యాన్ వచ్చింది, దయ్యాలు నాలుగూ మిణుకుమిణుకుమంటూ కనపడీ కనపడకుండా తిరుగుతాయి, తినే చుక్కలు చుక్కలు కావు, అడ్డగీతలు. 1995లో సెగా సాటర్న్‌కి డేటోనా అనే కారు రేసు వచ్చింది, మెషీన్‌లో సెకనుకి 60 ఫ్రేములతో వెన్నలా జారే గేము అది, సాటర్న్‌లో కొండలూ రోడ్డూ కారు దగ్గరికి వెళ్ళాక అప్పటికప్పుడు కట్టుకుంటున్నట్టు పుట్టుకొస్తాయి. డేటోనా మెషీన్ సీట్లో కూర్చుని ఆ స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంటే పట్టుకున్నవాడికి ఏ ఇంటి వెర్షనూ ఆనదు. అందుకే ముప్పైలైఫులు చెప్పినదాన్ని నేను మమకారం ఖాతాలోనే రాసుకుంటా.

వెండిబిళ్ళ
నిలువుతెర గారు అటారీ ప్యాక్‌మ్యాన్ చెప్పి అదే డబ్బాలో రెండేళ్ళ ముందు వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ వదిలేశారు, ఇదన్యాయం. 1978లో టైటో మెషీన్‌లో అది నలుపు తెలుపు గేము, గాజు మీద రంగు కాగితాల్లాంటివి అంటించి రంగు తెప్పించారు. 1980లో రిక్ మౌరర్ అనే ప్రోగ్రామర్ అటారీకి రాసినప్పుడు అందులో 112 రకాలు పెట్టాడు. మనం దాక్కునే గోడలు అటూ ఇటూ కదిలేది ఒకటి, బాంబులు వంకర్లు తిరుగుతూ పడేది ఒకటి, శత్రువులు అసలు కనపడకుండా ఉండేది ఒకటి, ఇద్దరు కలిసి ఒకేసారి ఆడేది ఒకటి. మెషీన్‌లో ఉన్నది ఒక్కటే రకం. ఆ ఒక్క క్యాసెట్ కోసం జనం డబ్బా కొన్నారు, అటారీ అమ్మకాలు నాలుగింతలయ్యాయి. అక్కడ బలమున్నది మెషీన్‌కే, డబ్బాలో ర్యామ్ 128 బైట్లు. 128 బైట్లండీ, నేను పైన రాసిన రెండు వాక్యాలు పట్టవు అందులో. హార్డ్‌వేర్ గెలిచిందని ఎలా అంటాం?

గౌతమి_గట్టు
ఫైటింగ్ గేముల్లో టెక్కెన్ 3 ఎవరూ ఎత్తరేంటి. మా అన్నయ్య ప్లేస్టేషన్‌లో ఆడీ ఆడీ నా బొటనవేలు కాయ కాసింది. మెషీన్‌ది 1997, ప్లేస్టేషన్‌ది 1998, బొమ్మ కొంచెం తగ్గింది నిజమే. కానీ టెక్కెన్ బాల్ మెషీన్‌లో ఏది? బీచ్‌లో బంతిని కాలితో తంతే అది అవతలివాడి మీదకి బాంబులా పోవాలి, వాడు ఆపలేకపోతే లైఫ్ కట్. టెక్కెన్ ఫోర్స్ ఏది, ఊరి మీద పడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు కొట్టుకుంటూ పోతే మధ్యలో కింద కోడి దొరుకుతుంది, తింటే లైఫ్ పెరుగుతుంది. గాన్, డాక్టర్ బోస్కోనోవిచ్ అనే ఫైటర్లిద్దరూ ఇంటి వెర్షన్‌కే వచ్చారు. నేనూ మా అన్నయ్యా కొట్టుకోకుండా గంటసేపు ఒకచోట కూర్చున్నామంటే ఆ బంతాట వల్లే, మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మల్లేపల్లిబస్సు
అక్కా కరెక్ట్ చెప్పినవ్. మాకాడ టెక్కెన్ 3 అంటేనే ప్లేస్టేషన్. గల్లీల చిన్న రూము, నాలుగు టీవీలు, గంటకు ఇంత అని తీసుకుంటుండె. దానికి అసలు మెషీన్ ఒకటి ఉంటదని నాకు ఇంజినీరింగ్‌కి వచ్చినంక తెలిసింది. మాలాంటోళ్ళకు ఇంటి వెర్షనే మెషీన్ అయింది, ఇగ పోల్చుడు ఎక్కడిది.

అందుల ఎడ్డీ అనే ఫైటర్‌తోని బటన్లు మొత్తం ఒకేసారి కొట్టెటోళ్ళను మాత్రం అప్పుడూ క్షమించలే, ఇప్పుడూ క్షమించ.

ఎర్రబటన్
@మల్లేపల్లిబస్సు నేను ఎడ్డీ ప్లేయర్‌నే, మనిద్దరికీ కుదరదు.

పులిహోర మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా, గౌతమి గారి పోస్ట్ చదివాక ఒకటి గుర్తొచ్చింది. టర్టిల్స్ ఇన్ టైమ్, నింజా తాబేళ్ళ కొట్లాట గేము. 1991లో కొనామి మెషీన్, నలుగురు ఒకేసారి ఆడొచ్చు. 1992లో సూపర్ నింటెండోకి వస్తే ఇద్దరే ఆడాలి, రంగులూ సౌండూ తగ్గాయి, లెక్కప్రకారం ఓడిపోవాలి. కానీ కొత్తగా టెక్నోడ్రోమ్ స్టేజీ పెట్టారు, దాని చివర్లో ష్రెడ్డర్ ఒక మెషీన్‌లో కూర్చుని ఉంటాడు, మనకి కనపడేది వాడి వెనకనుంచి, అంటే వాడి కంట్లోంచి మనల్ని చూస్తున్నట్టు. వాణ్ణి కొట్టాలంటే వాడి ఫుట్ సైనికుల్ని పట్టుకుని టీవీ గ్లాస్ వైపు విసరాలి. వాళ్ళు మన మొహం మీదకే ఎగిరొచ్చి పడతారు. సైనికుల్ని స్క్రీన్ మీదకి విసిరే ఆ పట్టు మెషీన్‌లోనూ ఉంది, కానీ అక్కడ ఊరికే సరదా. ఇంటి వెర్షన్ చేసినవాళ్ళు ఆ సరదాని పట్టుకుని దాని మీద ఒక బాస్‌నే కట్టారు. ఇది ఆలోచన ఉన్నవాడు చేసే పని, నకలు కొట్టేవాడికి తట్టదు.

ముప్పైలైఫులు
ఎర్రబటన్ భయ్యా ఆఖరి లైన్ నా మనసులో మాట. నేను అడగాలనుకున్నది అదే కానీ మాట దొరకలేదు.

కడపదోసె
మరి ముస్తఫా గేము సంగతేంది? మా ఊర్లో బస్టాండు కాడ మెషీన్ ఉన్నింది, ఎగిరి తన్నితే డైనోసారైనా సరే పక్కకు పోవాల్సిందే. అది ఇంటికి ఎందులో వచ్చింది, ఆడాలని ఉంది.

వెండిబిళ్ళ
రాలేదండి. క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్, 1993. ఏ ఇంటి డబ్బాకీ రాలేదు. 1994లో సెగా సీడీకి అదే కామిక్ మీద ఒక గేము వచ్చింది కానీ అది కారు తోలుతూ కాల్చే వేరే గేము. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట గేములు ఏడు కలిపి ఒక బండిల్ ఇచ్చింది, ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో అన్నీ ఉన్నాయి, మన ముస్తఫా లేడు.

మల్లేపల్లిబస్సు
దేశం మొత్తం ముస్తఫా పేరు పెట్టి పిల్చుకున్న గేము, దానికి ఇల్లే లేకపాయె. మస్తు బాధైతది.

నిలువుతెర
చూశారా, మెషీన్‌లో తప్ప ఇంకెక్కడా బతకని గేమూ ఉంది. నా వాదన అదే.

ఫ్రిస్కోఫణి
మెషీన్ వాదనే అయితే నాదొకటి. ఇక్కడ టెక్సస్‌లో పాత మెషీన్లు పెట్టిన ఒక చోట 1984 నాటి పంచ్ అవుట్ అనే బాక్సింగ్ గేము అసలు మెషీన్ దొరికింది. రెండు స్క్రీన్లు ఒకదాని మీద ఒకటి, పైన స్కోర్లూ మొహాలూ, కింద ఫైటు. మనం ఆడే బాక్సర్ ఆకుపచ్చ తీగలతో అల్లిన బొమ్మ, వాడి ఒంట్లోంచి అవతలివాడు కనపడాలి కాబట్టి అలా చేశారు. గంభీరంగా ఉంది, నిజంగా. పదిహేను డాలర్లు తగలేశా.

కానీ ఇంటికొచ్చి 1987 నింటెండోది మళ్ళీ ఆడితే మనసు అక్కడే ఆగింది. నింటెండో 8 బిట్ డబ్బాలో ఆ తీగల బొమ్మ వెయ్యడం కుదరదు, అంత పెద్ద బాక్సర్‌ని అడ్డంగా నిలబెడితే ఎదుటివాడు కనపడడు. అందుకని మనవాణ్ణి కుదించేశారు, ఎదుటివాడి నడుం దాకా వచ్చే పొట్టి కుర్రాడు, లిటిల్ మ్యాక్. ఒక్కసారిగా గేము కథే మారిపోయింది చూడండి, మెషీన్‌లో తీగల బొమ్మకి మొహమే సరిగ్గా లేదు, ఇక్కడ ప్రపంచంలో ఉన్న బండోళ్ళందరినీ ఎదుర్కునే బుల్లోడు ఉన్నాడు. ఎదుటివాడు కన్ను చికిలించాడా, ఒక అడుగు వెనక్కేశాడా, నోరు తెరిచాడా చూసి కొట్టాలి. కింగ్ హిప్పో నోరు తెరిచినప్పుడు కొడితే నిక్కరు జారుతుంది, రెండు చేతులా అది పట్టుకునే లోపు పొట్ట మీద వాయించాలి. మా అబ్బాయికి ఏడేళ్ళు, తెలుగు సగం సగమే వచ్చు, "నాన్నా నిక్కర్ నిక్కర్" అని అరుస్తాడు. సామాను చాలకపోవడమే ఆ గేముని గొప్పది చేసింది.

గౌతమి_గట్టు
నిక్కర్ నిక్కర్ 😂 పిల్లాడికి దిష్టి తియ్యండి.

బందరులడ్డు
ఇందాకట్నుంచి చదువుతున్నా, రిడ్జ్ రేసర్ అనే కారు రేసు ఎవరైనా చెప్తారేమో అని. 1994 డిసెంబర్‌లో జపాన్‌లో ప్లేస్టేషన్‌తో పాటు మొదటి రోజే వచ్చిన గేము. మెషీన్‌లో 60 ఫ్రేములు, ఇంట్లో 30, అక్కడ నిలువుతెర గారిదే గెలుపు. కానీ లోడింగ్ అయ్యేలోపు ఊరికే కూర్చోకుండా గెలాక్సియన్ అనే పాత షూటింగ్ గేము ఆడుకోవచ్చు, అందులో అందర్నీ కొట్టేస్తే ఇంకో 8 కార్లు ఇస్తారు. అసలు విషయం, గేము మొత్తం మెమొరీలోకి ఎక్కేస్తుంది కాబట్టి డిస్క్ తీసేసినా ఆడుతుంది. తీసేసి మన పాటల సీడీ పెట్టుకోవచ్చు! నేను సినిమా పాటల సీడీ పెట్టి తోలేవాణ్ణి, సొరంగంలోకి దూరేటప్పుడు సరిగ్గా పల్లవి పడాలని పాట నంబరు లెక్క చూసుకుని మొదలెట్టేవాణ్ణి. ఏ మెషీన్ ఇస్తుంది చెప్పండి ఈ సుఖం.

ఎర్రబటన్
నింజా గైడెన్ కూడా లెక్కలో వేసుకోవచ్చా? 1988లో మెషీన్‌లో వచ్చింది వీధి కొట్లాట గేము, నింటెండోకి వచ్చింది గోడలు పట్టుకుని ఎగబాకే గేము, మధ్యమధ్యలో సినిమాలాగా కథ చూపిస్తారు. బయోనిక్ కమాండో కూడా అంతే, ఇంటిదే గొప్ప.

సిస్టమ్12
అవి వద్దండి. పేరు ఒకటే, గేములు వేరు. అన్నదమ్ములకి ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకడు ఇంకొకడి నకలు కాడు కదా.

ఎర్రబటన్
పంచ్ అవుట్ ఒప్పుకున్నప్పుడు ఇవెందుకు ఒప్పుకోరు? అదీ మారిపోయిందే.

సిస్టమ్12
పంచ్ అవుట్‌లో ఆట ఒకటే, తప్పుకో, చూడు, కొట్టు. నింజా గైడెన్‌లో ఆటే మారిపోయింది. నా గీత అక్కడ.

గౌతమి_గట్టు
ఆ గీత మీద సరిగ్గా కూర్చునే గేము ఒకటి చెప్పనా, 1994 గేమ్ బాయ్ డాంకీ కాంగ్. మొదలెట్టగానే 1981 మెషీన్ స్టేజీలు నాలుగూ వస్తాయి, అది కూడా గొప్పే ఎందుకంటే 8 బిట్ నింటెండో దాంట్లో ఒక స్టేజీ ఎగ్గొట్టేశారు. నాలుగోది అయిపోయింది, అమ్మాయి దొరికింది, ఇంక అయిపోయిందిలే అనుకుంటాం. కోతి లేచి మళ్ళీ ఎత్తుకుపోతుంది. అక్కణ్ణుంచి ఇంకో 97 స్టేజీలు! తాళంచెవి మోసుకుంటూ తలుపు దాకా పోవాలి, మారియో చేతుల మీద నడుస్తాడు, తీగ మీద గిర్రున తిరిగి ఎగురుతాడు. మెషీన్ గేము మొత్తం దీనికి ముందుమాట అయిపోయింది.

సిస్టమ్12
ఇది ఒప్పుకుంటా, గీత చెరిపేసుకుంటా.

వెండిబిళ్ళ
ముప్పైలైఫులు గారు మొదట అడిగినదానికి నాకు తోచింది చెప్తా. మెషీన్ పెట్టినవాడికి మీరు త్వరగా చావాలి, పక్కన ఇంకొకడు బిళ్ళ పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో లెక్క తిరగబడుతుంది, పెద్దమొత్తం పెట్టి క్యాసెట్ కొన్నవాడికి నెలల తరబడి ఆట ఉండాలి. అందుకే గోల్డెన్ ఆక్స్ మెషీన్‌లో డెత్ ఆడర్ అనే ఆఖరి విలన్ చస్తే కథ అయిపోతుంది, ఇంట్లో ఆడే సెగా మెగా డ్రైవ్‌లో వాడి తర్వాత ఇంకో స్టేజీ, డెత్ బ్రింగర్ అని ఇంకో బాస్, పైగా ఇద్దరు కొట్టుకోడానికి డ్యూయెల్.

మీ పేరులో ఉన్న ఆ 30 లైఫులు కూడా అక్కణ్ణుంచి వచ్చినవే. కాంట్రా కంటే ముందు, 1986లో గ్రాడియస్ అనే అంతరిక్ష నౌక గేముని మెషీన్‌నుంచి ఇంటి డబ్బాకి దించే పని కజుహిసా హషిమొతో అనే ఆయన మీద పడింది. టెస్టింగ్‌కి ఆడాలంటే ఆయనకే కష్టమైపోయింది, దాంతో పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ అని తనకోసం ఒక దొంగదారి పెట్టుకున్నాడు, అది గేములో అలాగే ఉండిపోయింది, తర్వాత కాంట్రాలో అదే నొక్కితే మనకి 30 లైఫులు. మెషీన్ కష్టాన్ని ఇంటికి తెచ్చిన మనిషే మనకి దారి కూడా వదిలాడు. 2020లో పోయారాయన. ఆ వార్త చూసిన రోజు నేను ఆ బటన్లు వరసగా ఒకసారి నొక్కా, ఏ గేమూ ఆన్‌లో లేకుండానే.

ముప్పైలైఫులు
ఇది చదివి కాసేపు ఏం టైప్ చెయ్యాలో తెలీలేదు. నేనూ ఇప్పుడే నొక్కా.

నిలువుతెర
అందరూ కలిసి నన్ను మెత్తబరిచారు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకుంటా. అవుట్ రన్, కారు తోలే గేము. 1986లో యూ సుజుకి చేసిన మెషీన్, కదిలే సీటు, నాకు ప్రాణం. దాన్ని ఎం2 అనే జపాన్ కంపెనీ 2014లో నింటెండో 3డిఎస్‌కి తెచ్చింది. మెషీన్ 30 ఫ్రేములే, వీళ్ళు 60 చేశారు. స్క్రీన్ వెడల్పు చేశారు, లోతు కనపడేలా చేశారు, పాత పాటల పక్కన అదే ధోరణిలో కొత్త పాటలు కట్టి పెట్టారు, ఏది పాతది ఏది కొత్తది అని తెలియకుండా కలిసిపోయాయి. ఆ తాటిచెట్లు ఇటూ అటూ దూసుకుపోతుంటే 1986లో ఆయన కళ్ళముందు ఉన్న గేము ఇదీ అనిపించింది, మెషీన్‌కి అప్పట్లో చేతకాలేదంతే. సీటు మాత్రం కదలదు. ఆ ఒక్కటీ నాకు వదిలెయ్యండి.

కడపదోసె
సీటు నీకే బా. డబుల్ డ్రాగన్ కూడా రాసుకోండి, 1987 మెషీన్‌లో స్క్రీన్ మీద నలుగురు చేరితే చాలు, అందరూ నీళ్ళలో నడిచినట్టు నిదానమైపోతారు, పైగా మోచెయ్యి ఒక్కటి తిప్పుతా ఉంటే గేము మొత్తం అయిపోతాది. 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి చేసినోళ్ళు పాత కంపెనీ మనుషులే, కొత్త స్టేజీలు, కొత్త దెబ్బలు, నిదానం లేదు. అదే అసలు డబుల్ డ్రాగన్.

సిస్టమ్12
అందరం ఎక్కడెక్కడికో పోయాం, ముప్పైలైఫులు గారి బావ విషయం ఎవరూ పట్టించుకోలేదు. ఆయన అబద్ధం చెప్పలేదండి. కాంట్రా ఇంటి వెర్షన్‌లో అమెరికాది వేరు, జపాన్‌ది వేరు. 1988 ఫిబ్రవరిలో జపాన్‌లో ఫామికామ్‌కి, అంటే అక్కడి 8 బిట్ నింటెండోకి వచ్చిన క్యాసెట్‌లో కొనామి సొంత చిప్ ఒకటి ఉంది, వీఆర్‌సీ2 అని. దానివల్ల మొదటి స్టేజీలో చెట్లు ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు పడుతుంది, స్టేజీకీ స్టేజీకీ మధ్య మ్యాప్ వస్తుంది, మొదట్లో చిన్న కథ కూడా ఉంటుంది. అమెరికా క్యాసెట్‌లో ఇవన్నీ తీసేశారు. మన దగ్గర దొరికిన నకలు క్యాసెట్లలో ఏది దేన్నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, మీ బావకి జపాన్‌ది పడి ఉంటుంది. మీరు కొన్న కలెక్షన్‌కే ఫ్రీ అప్‌డేట్‌లో జపాన్ వెర్షన్లు ఇచ్చారు, అప్‌డేట్ చేసి జపాన్ వెర్షన్ పెట్టి చూడండి.

మల్లేపల్లిబస్సు
అన్నా ఇప్పుడే చూసి చెప్పు, నేను ఈడనే కూసున్న.

గౌతమి_గట్టు
నేనూ.

ముప్పైలైఫులు
ఊగుతున్నాయి.

మొదలెట్టగానే మ్యాప్ వచ్చింది, తర్వాత అడవి, వెనకాల చెట్లు మెల్లగా ఇటు అటు, ఇటు అటు. కాల్చకుండా అలా నిలబడి చూస్తూ ఉండిపోయా, ఒకడొచ్చి గుద్దేసి లైఫ్ కూడా పోయింది. మంచు స్టేజీ దాకా 30 లైఫులు పెట్టుకుని వెళ్ళా, మంచు పడుతోంది. బావకి వీడియో కాల్ చేశా, ఫోన్ టీవీ వైపు తిప్పా, ఏమీ మాట్లాడలేదు నేను. వాడు కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళావిడని పిలిచి "ఇదిగో, ఇదే, నేను చెప్పలా" అని చూపిస్తున్నాడు. ఫోన్ ఇంకా కట్ చెయ్యలేదు, రెండో ప్లేయర్‌గా ఆడటానికి శనివారం వస్తానంటున్నాడు.